జీతం ఎంత, బత్తా ఎంత: కొత్త లారీ డ్రైవర్లు ముందే తేల్చుకోవాల్సిన లెక్క

(అనంతపురంలో, కొత్తగా హెవీ లైసెన్సు చేతికొచ్చిన కుర్రాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు కూర్చున్న ఒక చిన్న సమావేశంలో మాజీ లారీ డ్రైవరు ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండప్పా. అమ్మా, మీరు కూడా రండి. కొడుకు లారీ ఎక్కుతున్నాడంటే ఇంట్లో ఎక్కువ టెన్షన్ పడేది మీరే. ఈ లెక్కలు మీరూ వినాలి.

నేను చాలా ఏళ్లు లారీ నడిపాను. నడుము సహకరించక దిగిపోయాక ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాశాను. జీతం తీసుకునే వైపూ కూర్చున్నాను, ఇచ్చే వైపూ కూర్చున్నాను. ఆఫీసు మెట్లెక్కే ప్రతి కొత్త పిల్లోడూ ఒకటే అడుగుతాడు: "అన్నా, నెలకు ఎంత పడుతుంది?" ఓనరూ ఒకటే అంకె చెప్తాడు: "ఇరవై ఐదు దాకా వస్తుంది లేరా." బేరం కుదిరిపోయింది. సాయంత్రానికి పిల్లోడు స్టీరింగ్ పట్టుకుంటాడు. ఆ ఇరవై ఐదులో జీతం ఎంత, బత్తా ఎంత, బండి నిలబడిపోయిన రోజు ఏమొస్తుంది, ఏ పేరు చెప్పి ఎంత కోస్తారు, ఇవేవీ ఎవరూ మాట్లాడుకోరు. ఇవాళ నేను చేయబోయేది ఆ ఒక్క అంకెను మీ ముందు విప్పి చూపించడమే.

ముందొక మాట. బేరమాడే బలం మీకు లేదని అనుకోవద్దు. మన ఊరి పక్కనే 44వ నంబరు హైవే ఉంది. పాతవాళ్లం ఇప్పటికీ దాన్ని ఏడో నంబరనే అంటాం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు మన కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా పోతుంది. మన చీనీకాయలు, అదే బత్తాయిలు, ఢిల్లీ దాకా పోతాయి. తాడిపత్రి, ఎర్రగుంట్ల సిమెంటు, బేతంచెర్ల బండలు, పులివెందుల అరటి, మంగంపేట ముగ్గురాయి, పెనుకొండ దగ్గర కియా కార్లు, అన్నీ చక్రాల మీదే కదలాలి. లోడుకు కొదవ లేదు, బండ్లకూ కొదవ లేదు. నడిపేవాళ్లు దొరకడం లేదని ఓనర్లే మొత్తుకుంటున్నారు. డ్రైవరు లేక ఆఫీసు ముందు నిలబడిపోయిన లారీకి కూడా ఫైనాన్స్ కంతు ఆగదు. కాబట్టి కూర్చుని రెండు మాటలు అడిగినంత మాత్రాన మిమ్మల్ని ఎవరూ తరిమేయరు.

సరే, లెక్కలోకి వద్దాం.

లాంగ్ రూట్ డ్రైవరు చేతికి వచ్చే డబ్బు సాధారణంగా మూడు ముక్కలు. ఒకటి నెల జీతం. రెండోది బత్తా. బండి రోడ్డు మీద ఉన్న రోజుకు ఇంత అనో, ట్రిప్పుకు ఇంత అనో ఇస్తారు. మూడోది డీజిల్ మిగులు, దాని సంగతి తర్వాత చెప్తాను. కొందరు ఓనర్లు ఈ మూడూ కలిపేసి, ట్రిప్పుకు ఒకటే మొత్తం చేతికిచ్చి, డీజిలు, దారి ఖర్చు అన్నీ పోను మిగిలింది నీదే అంటారు. కొత్తవాళ్లు ఆ కాంట్రాక్టు పద్ధతి జోలికి పోవద్దు. ఏ రూటులో ఎంత ఖర్చవుతుందో తెలిసిన పాతవాళ్లకే అందులో ఏమైనా మిగులుతుంది.

ఇప్పుడు ఇద్దరు ఓనర్లను అనుకుందాం. ఇవి ఉదాహరణకు చెప్పే అంకెలే, ఎవరి రేటూ కాదు. మొదటి ఓనరు జీతం 20,000 ఇస్తాను, రోజు బత్తా 200 అన్నాడు. రెండో ఓనరు జీతం 8,000, బత్తా మాత్రం రోజుకు 700 అన్నాడు. నెలలో 25 రోజులు బండి తిరిగితే మొదటి ఓనరు దగ్గర 25,000 వస్తుంది. రెండో ఓనరు దగ్గర 25,500. కుర్రాళ్లంతా రెండో బండే ఎక్కుతారు. ఐదొందలు ఎక్కువ, పైగా బత్తా ఏ రోజుకారోజు చేతిలో ఆడుతుంది.

ఇక బండి నిలబడిందనుకోండి. లోడు దొరకలేదు, లేదా ఇంజను పని పడింది, లేదా మీకే జ్వరం వచ్చింది. నెలలో 12 రోజులే తిరిగింది. మొదటి చోట 22,400 వస్తుంది. రెండో చోట 16,400. ఒక్క నెలలోనే ఆరు వేల తేడా. లారీ నిలబడితే ఇంటి అద్దె నిలబడదు కదా. అదీ కాక బత్తా మీ సంపాదన అనుకుంటున్నారు, అందులో సగం దారిలోనే పోతుంది. రెండు పూటల భోజనం, టీలు, స్నానం, ఫోను రీచార్జి అన్నీ దాంట్లోనే. ఇంటికి పంపగలిగేది ఎప్పుడూ జీతమే. ఆ జీతాన్ని చిన్నది చేసి బత్తాను పెద్దది చేస్తే, నష్టభయమంతా ఓనరు నెత్తి మీద నుంచి మీ నెత్తి మీదికి వచ్చినట్టే.

ఇంతకన్నా పెద్ద తేడా ఇంకొకటి ఉంది. అమ్మా, ఇది మీరు జాగ్రత్తగా వినండి. చెప్పడానికి నాకూ ఇష్టం లేదు, కానీ చెప్పాలి.

పనిలో ఉండగా డ్రైవరు చనిపోతే కుటుంబానికి పరిహారం ఎలా లెక్కేస్తారో 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో ఉంది. ఇప్పుడది సోషల్ సెక్యూరిటీ కోడ్ అనే కొత్త కార్మిక చట్టంలో కలిసింది గానీ లెక్క కట్టే పద్ధతి అదే. నెల వేతనంలో సగం తీసుకుని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన ఒక అంకెతో గుణిస్తారు. 25 ఏళ్ల వయసుకు ఆ అంకె 216.91. వేతనం ఎంత ఉన్నా నెలకు 15,000 దాకానే లెక్కలోకి తీసుకోవాలని 2020 జనవరిలో పరిమితి పెట్టారు. ఇప్పుడు మన ఇద్దరు ఓనర్ల దగ్గరికి రండి. మొదటి ఓనరు దగ్గర జీతం 20,000 కాబట్టి 15,000 లెక్కకు వస్తుంది. అందులో సగం 7,500. దాన్ని 216.91తో గుణిస్తే 16,26,825 రూపాయలు. రెండో ఓనరు దగ్గర జీతం 8,000. సగం 4,000. గుణిస్తే 8,67,640. పిల్లోడు అదే, బండి అదే, రోడ్డు అదే. పరిహారం మాత్రం ఇంచుమించు సగం.

బత్తా కూడా సంపాదనే కదా, దాన్ని ఎందుకు కలపరు అంటారు. ప్రయాణ భత్యం, పని స్వభావాన్ని బట్టి అయ్యే ప్రత్యేక ఖర్చుల కోసం ఇచ్చే సొమ్ము వేతనం కిందికి రావని చట్టంలో రాసి ఉంది. బత్తా సరిగ్గా అలాంటిదేనని బీమా కంపెనీ వకీలు వాదిస్తాడు. మీ వకీలు కాదంటాడు. ఇంటి పెద్దను పోగొట్టుకున్న మనిషి లేబర్ ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఆ వాదనలు వినాలి. కొడుకు పోయిన తల్లి, జీతం ఎంతో చెప్పడానికి చేతిలో చిన్న చీటీ కూడా లేక బెంచీ మీద కూర్చోవడం నేను కళ్లారా చూశాను. అందుకే ఇవాళ ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

కొత్త చట్టంలో ఒక మేలు జరిగింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం, ఇలాంటి భత్యాలన్నీ కలిపి మొత్తం జీతభత్యాల్లో సగం దాటితే, దాటినంత మేరా వేతనంగానే లెక్కించాలి. మన రెండో ఓనరు సంగతే చూడండి. మొత్తం 25,500లో సగం 12,750. బత్తా 17,500. దాటింది 4,750. అది 8,000కు కలిస్తే వేతనం 12,750 అవుతుంది. అప్పుడు పరిహారం 13,82,801 దాకా పోతుంది. కానీ ఒక మెలిక ఉంది. బత్తా అంత ఇచ్చారని రుజువు ఎక్కడ? చేతికి నోట్లు ఇచ్చి, చిత్తు కాగితం మీద టిక్కు పెట్టి, ఆ కాగితం చింపేస్తే కోడ్ ఏం చేస్తుంది? అందుకే జీతం బ్యాంకులో పడాలని అడగండి. బత్తా కూడా ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో వేయమనండి. వేసేటప్పుడు "బత్తా" అని ఒక్క ముక్క రాయమనండి.

ఓనర్లందరూ దుర్మార్గులని నేను అనడం లేదు. మన దగ్గర ఎక్కువమందికి ఒకటో రెండో బండ్లు. ఇల్లు తాకట్టు పెట్టి కొన్నవాళ్లున్నారు. ఢిల్లీకి కిరాయి బాగానే దొరికినా, తిరుగు లోడు కోసం వాళ్లూ రోజుల తరబడి ఫోన్లు చేస్తూ కూర్చుంటారు. డీజిలు, టోలు, టైర్లు పోను వాళ్లకు మిగిలేది తక్కువే. అదంతా నాకు తెలుసు, ఆ లెక్కలు రాసింది నేనే. కానీ జీతం ఎంతో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టడానికి ఎవరికీ పైసా ఖర్చు కాదు. పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలైతే నియామక పత్రం ఇవ్వాలని చట్టమే చెప్తోంది. ఒక్క బండి ఓనరును ఆ చట్టం పట్టుకోదు. అక్కడ మీరే అడిగి రాయించుకోవాలి.

ఇప్పుడు డీజిలు దగ్గరికి వస్తాను. కొత్తవాళ్ల జీతం చప్పుడు లేకుండా కరిగేది ఇక్కడే.

ఓనరు అంటాడు: "లీటరుకు నాలుగు మైలేజీ రావాలి. ఎక్కువ వస్తే మిగిలిన డీజిలు డబ్బు నీదే, తక్కువ వస్తే నీ జీతంలో కోస్తా." వినడానికి న్యాయంగానే ఉంటుంది. అనంతపురం నుంచి ఢిల్లీకి సుమారు 1,900 కిలోమీటర్లు. నాలుగు చొప్పున 475 లీటర్లు. చేయి కుదరని కొత్త డ్రైవరుకు 3.8 వచ్చిందనుకోండి, 500 లీటర్లు తాగుతుంది. 25 లీటర్లు తేడా. లీటరు 95 అనుకున్నా 2,375 రూపాయలు ఒక్క వైపు ప్రయాణంలోనే పోయాయి. అది మీ తప్పేనా? ఇంజెక్టర్లు అరిగితే మైలేజీ పడిపోతుంది. టైర్లలో గాలి తగ్గితే పడిపోతుంది. కాటాలో రెండు టన్నులు ఎక్కువ ఎక్కిస్తే పడిపోతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పడిపోతుంది. అందుకే మైలేజీ అంకెను ఓనరు నోటిలెక్క మీద ఒప్పుకోవద్దు. ఆ బండిని ఒక పాత డ్రైవరు నడిపినప్పుడు, లోడుతో ఎంత వచ్చింది, ఖాళీగా ఎంత వచ్చింది కనుక్కోండి. ట్యాంకు నిండా కొట్టించిన ప్రతిసారీ మీటరు రీడింగు, బిల్లు రెండూ ఫొటో తీసుకోండి.

ఈ మైలేజీ యావతో కొత్త పిల్లలు చేసే ఒక పని ఉంది, దాన్ని మాత్రం మీ కాళ్లు పట్టుకుని వద్దంటాను. దిగుడులో గేరు తీసేసి న్యూట్రల్‌లో వదలడం. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ మీరంతా చూసే ఉంటారు. పైనుంచి లోడు బండి దిగేటప్పుడు దాన్ని పట్టి ఉంచేది మొదట ఇంజను, ఆ తర్వాతే బ్రేకు. గేరు తీసేస్తే బరువంతా బ్రేకు డ్రమ్ముల మీదికి వస్తుంది. కాలు పెట్టి నొక్కుతూ నొక్కుతూ పోతే రెండు మూడు మలుపులకే డ్రమ్ములు కాలిపోయి, లైనింగ్ వాసన వస్తుంది. ఆ వాసన వచ్చాక పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. ఇంకొందరు ఏకంగా ఇంజనే ఆపేస్తారు. గాలి బ్రేకు బండిలో ఇంజను ఆగితే కంప్రెసర్ ఆగుతుంది, ట్యాంకులో ఉన్న గాలి తొక్కినకొద్దీ తరిగిపోతుంది. పవర్ స్టీరింగ్ కూడా బిగుసుకుపోతుంది. ఇదంతా ఎందుకు? అర లీటరు డీజిలు కోసం. జీతం సరిపోయేంత ఉంటే ఏ డ్రైవరూ ఆ అర లీటరు వెంట పడడు. జీతం మాట్లాడుకోవడం డబ్బు సంగతి ఒక్కటే కాదని నేననేది అందుకే.

కోతల గురించి కొంచెం చెప్పి ముందుకు పోతాను. సిమెంటు లోడుకు పోతారు. దారిలో వాన పడుతుంది, టార్పాలిన్‌కు ఎక్కడో చిల్లు. సరుకు దించే చోట, తెప్పించుకున్న పార్టీ మనిషి మూటలు తట్టి చూసి, ఎల్‌ఆర్ (లోడు రసీదు) వెనక "12 మూటలు తడిసినవి" అని రాస్తాడు. ఆ డబ్బు కిరాయిలో తగ్గుతుంది. ఓనరు మీ జీతంలో తగ్గిస్తాడు. టార్పాలిన్ కొనాల్సింది ఎవరు? ఓనరు. చిల్లు సంగతి మీరు ముందే చెప్పారా? చెప్పే ఉంటారు, కానీ నోటిమాటగా. చట్టం ఏమంటుందంటే, నష్టం మీ నిర్లక్ష్యం వల్లే జరిగితేనే కోయాలి, కోసేముందు మీ సంజాయిషీ వినాలి, అన్ని కోతలూ కలిపినా ఆ నెల వేతనంలో సగం దాటకూడదు. కాబట్టి లోడు ఎక్కేముందు టార్పాలిన్ ఫొటో, తాళ్లు కట్టాక ఫొటో, దింపేముందు ఫొటో తీయండి. ఓనరుకు అప్పటికప్పుడు వాట్సాప్‌లో పెట్టండి. తర్వాత గొడవ వస్తే అవే మాట్లాడతాయి.

ఓవర్‌లోడు అంతే. పది చక్రాల బండికి, బండీ లోడూ కలిపి మొత్తం బరువు 2018కి ముందు 25 టన్నులు ఉండేది, ఆ ఏడాది 28.5 టన్నులకు పెంచారు. అది దాటితే 20,000 జరిమానా, దాటిన ప్రతి టన్నుకు ఇంకో 2,000. ఎక్కించమన్నది ఓనరో పార్టీయో అయితే కట్టాల్సిందీ వాళ్లే. ఈ మాట మొదటిరోజే అనేయండి. కాటా చీటీ మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.

నిద్ర గురించి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. దూర ప్రయాణాలకు అనుమతితో రోజుకు 10, వారానికి 54 దాకా పోవచ్చు అంది. అది కాగితం మీద. రాష్ట్రాలు దాటి తిరిగే నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన ఉండేది, దాన్ని 2018లో తీసేశారు. క్లీనర్లను కూడా చాలామంది మానిపించేశారు. ఇప్పుడు చీనీకాయల లోడు ఎక్కిందంటే, కాయ మెత్తబడకముందే మార్కెట్‌కు చేరాలి, ఆలస్యమైతే కిరాయి కోస్తారు, నడిపేది మాత్రం ఒక్కడే. బత్తా ట్రిప్పు లెక్కన ఇస్తే ఎంత తొందరగా పోతే అంత లాభమని మనసు గుంజుతుంది. రోజు లెక్కన ఇస్తే ఒక రాత్రి ఆగి పడుకోవడానికి ధైర్యం వస్తుంది. మొదటి ఏడాది మాత్రం రోజు లెక్కనే అడగండి. ఇది నా ఖచ్చితమైన అభిప్రాయం. సింగిల్ డ్రైవరుగా ఢిల్లీ ట్రిప్పు పెడితే, దారిలో ఎన్ని రాత్రులు ఆగుతారో ముందే మాట్లాడుకోండి. లోడింగ్ దగ్గర, అన్‌లోడింగ్ దగ్గర బండి నిలబడిన రోజులకూ బత్తా రావాలి. బండి ఆగినందుకు పార్టీ దగ్గర హాల్టింగ్ డబ్బు వసూలు చేసుకునే ఓనరు, అందులో డ్రైవరు వాటా ఇవ్వకపోవడం అన్యాయం.

మన ఎండల సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. రెండు చోట్ల జీతం ఒకేలా ఉంటే కొత్త బండి ఉన్న చోటే చేరండి. ఏప్రిల్, మే నెలల్లో గుత్తి దగ్గర మధ్యాహ్నం రెండు గంటలకు పాత క్యాబిన్‌లో కూర్చుంటే దాని విలువ తెలుస్తుంది.

ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(సభలో ఒక యువకుడు: అన్నా, అమెరికాలో లారీ డ్రైవరుకు నెలకు నాలుగు లక్షలంట కదా, యూట్యూబ్‌లో చూపిస్తున్నారు.)

ఆ అంకె పూర్తిగా అబద్ధం కాదు తమ్ముడూ. అక్కడి కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2024 మే నాటికి పెద్ద ట్రక్కుల డ్రైవర్లలో సగం మంది ఏడాదికి 57,440 డాలర్ల కన్నా ఎక్కువ, సగం మంది తక్కువ సంపాదిస్తున్నారు. కానీ అది పాతా కొత్తా అందరినీ కలిపి చూసిన లెక్క. కొత్తగా చేరినవాడికి అంత రాదు. అక్కడి అద్దెలు, ఖర్చులు కూడా డాలర్లలోనే. రాష్ట్రం దాటి నడపాలంటే 21 ఏళ్లు నిండాలి. ఎక్కువ కంపెనీలు మైలుకు ఇన్ని సెంట్లని ఇస్తాయి. చక్రం తిరిగితేనే డబ్బు. గోడౌన్ ముందు గంటల తరబడి ఆగితే దానికి సరిగ్గా ఇవ్వరని అక్కడి డ్రైవర్లూ గొడవ పడుతూనే ఉన్నారు. 1938లో వాళ్లు తెచ్చిన చట్టంలో ఓవర్‌టైముకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని ఉంది, రాష్ట్రాల మధ్య నడిచే ట్రక్కు డ్రైవర్లను మాత్రం దాంట్లోంచి మినహాయించారు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. పది గంటల విశ్రాంతి తర్వాత 11 గంటలకు మించి నడపకూడదు, ఆ గంటలను బండిలోని యంత్రమే రాస్తుంది. ఆ గంటల పట్టింపు మన దగ్గరా రావాలని నా కోరిక. మన కడప, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు డ్రైవర్లుగా పోయేవాళ్లకూ నేను చెప్పేది ఇదే. అగ్రిమెంట్‌లో జీతం ఎంత, తిండి ఎవరిది, సెలవు ఎప్పుడు, ఈ మూడూ చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

(ఒక తల్లి: మా వాడికి మొదటి మూడు నెలలు ట్రైనింగ్ అంట సార్. జీతం లేదు, తిండి మాత్రం పెడతామన్నారు.)

అమ్మా, సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకోవడం మంచిదే. మీ వాణ్ని తప్పకుండా పంపండి. మా కాలంలో క్లీనరుగా ఏళ్లకేళ్లు టైర్లు విప్పి, గ్రీజు కొట్టి, షెడ్డులో బండి వెనక్కీ ముందుకూ తీసి, ఆ తర్వాతే స్టీరింగ్ పట్టేవాళ్లం. ఇప్పుడు క్లీనర్లు లేకపోయేసరికి పిల్లలు డ్రైవింగ్ స్కూలు నుంచి నేరుగా 14 చక్రాల బండి ఎక్కుతున్నారు. అది భయం పుట్టించే సంగతి. కానీ ఆ మూడు నెలలూ మీ వాడు ఊరికే కూర్చోడు. రాత్రి మూడింటికి సీనియర్ నిద్రపోతే బండి నడిపేది వాడే. టార్పాలిన్ కట్టేది, టైరు మార్చేది వాడే. పని చేయించుకున్నప్పుడు కనీస వేతనం ఇవ్వాలి. మోటారు రవాణాకు మన రాష్ట్రంలో కనీస వేతనాల రేట్లు విడిగా ఉంటాయి. ఏప్రిల్‌లో, అక్టోబరులో కరువు భత్యం కలిసి మారుతుంటాయి. లేబర్ ఆఫీసుకు పోయి ఇప్పటి రేటు చూపించమనండి, చూపిస్తారు. ఆ అంకె రాసుకుని ఓనరు దగ్గరికి పోండి. "పూర్తి జీతం మూడు నెలల తర్వాతే ఇవ్వండి, ఇప్పుడు ఇదైనా ఇవ్వండి" అని అడగండి. ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒప్పుకోని చోట పిల్లోణ్ని పెట్టొద్దమ్మా.

ఇంకో సంగతి కూడా మీరు చూడాలి. బండి బీమా పాలసీ కాగితంలో "ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్, 15 లక్షలు" అని ఒక వరుస ఉంటుంది. అది చూపించి "మీ వాడికి 15 లక్షల బీమా ఉంది" అనేవాళ్లున్నారు. అది బండి ఓనరుకు ఉండే బీమా, జీతం మీద పనిచేసే డ్రైవరుకు కాదు. మీ వాడికోసం చూడాల్సింది, జీతపు డ్రైవరు, క్లీనరుల పేరు మీద విడిగా ప్రీమియం కట్టిన వరుస. అది చాలా చిన్న మొత్తం. అక్కడ సున్నా ఉంటే ఓనరుకు చెప్పి కట్టించండి. మీరుగా బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. ఆ ఇరవై రూపాయలు ఖాతాలో లేక పాలసీ ఆగిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు, మే నెలాఖరులో ఖాతాలో డబ్బు ఉండేట్టు చూసుకోండి.

(మరో యువకుడు: ఇవన్నీ అడిగితే "నీ కన్నా తక్కువకు వచ్చేవాళ్లున్నారు, పో" అంటే ఏం చేయాలన్నా?)

అంటారు. కొందరు తప్పకుండా అంటారు. అన్నీ ఒకేసారి అడగకు. మొదటిరోజు రెండే అడుగు: జీతం ఎంత, బత్తా ఎంత. ఇంటికొచ్చి ఓనరుకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టు. "అన్నా, నమస్తే. రేపటి నుంచి మీ బండి మీద వస్తున్నా. జీతం నెలకు ఇంత, రోజు బత్తా ఇంత అని మీరు చెప్పారు కదా, ఇంట్లో అదే చెప్పాను." ఆయన "సరే" అన్నా, బొటనవేలు బొమ్మ పెట్టినా నీకదే కాగితం. ఫోను పోయినా మెసేజ్ పోకుండా మీ అన్నకో, నాన్నకో ఫార్వర్డ్ చేసి పెట్టుకో. ఒక నెల తిరిగి, నీ పని ఆయనకు నచ్చాక జీతం బ్యాంకులో వేయమని అడుగు. బండిని జాగ్రత్తగా తెచ్చి తాళం చేతికిచ్చే డ్రైవరును ఏ ఓనరూ వదులుకోడు. ఆ తర్వాత బీమా వరుస, ఆ తర్వాత మైలేజీ. ఆరు నెలలకు నీ బండి మీద అన్నీ ఉంటాయి. నువ్వు కుదుర్చుకున్న రేటు పక్క బండి వాడికి కూడా చెప్పు. దాచుకోవద్దు. తక్కువకు వచ్చేవాడు వస్తున్నాడంటే, ఎక్కువ ఇస్తున్నారని వాడికి తెలియకనే.

సరే, టైం అయింది. ఓనరు ఇచ్చిన కాగితాలు, పాత లెక్క చీటీలు ఎవరైనా తెచ్చుకుని ఉంటే ఇటు టేబుల్ దగ్గరికి రండి. బీమా పాలసీ జిరాక్స్ ఉంటే అది ముందు ఇవ్వండి, ఆ డ్రైవరు వరుసలో ఏముందో మొదట చూద్దాం.